మరక పడని జాకెట్టు

“ఈ జాకెట్టు ఇంత తెల్లగా ఎందుకుందో చెప్పండి అత్తయ్యా!”

స్తుతి చేతిలో అప్పుడే బక్కెట్లో ముంచి తీసిన జాకెట్టు ఉంది. దాని నీళ్లు మామగారు దానయ్య కాళ్ల మీద పడుతున్నాయి. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. కోడలి గొంతు అంత పైకి లేవడం ఆయన ఇంతవరకు వినలేదు.

అత్తగారు దేవకుమారికి మిరప కల్లానికి పోయే వేళయింది. కేరేజీలో అన్నం కుక్కి, పై గిన్నెలో పండుమిరప పచ్చడి పెట్టి మూత బిగిస్తోంది. ఆ మూత ఎప్పుడో బిగిసింది. అయినా తిప్పుతూనే ఉంది.

“మిమ్మల్నే అడుగుతున్నా.”

“తెల్ల జాకెట్టు తెల్లగా ఉండక నల్లగా ఉంటదా?” అన్నాడు దానయ్య. “పొద్దున్నే ఇదేం గోల అమ్మాయ్? ఇంటి ముందు జనం పోతున్నారు.”

“పోనీయండి మామయ్యా. ఇది ఆదివారం చర్చికి వేసుకెళ్లిన జాకెట్టు. చంకల దగ్గర చూడండి, మరక లేదు. ఉండాలి. నారింజ రంగు మరక ఉండి తీరాలి.”

టీబీ మాత్రలు మింగే మనిషి ఉన్న ఇంట్లో బట్టలుతికిన ఆడదానికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ ఎర్ర మాత్రలు కడుపులో పడ్డాయంటే మూత్రం దగ్గర్నుంచి చెమట దాకా రంగు తిరుగుతుంది. ఆఖరికి కన్నీళ్లు కూడా. పత్తి తీతలు మొదలైన రోజుల్లో దేవకుమారికి జబ్బని తేలింది. అప్పట్లో ఈ జాకెట్టుకే నిమ్మచెక్క రుద్ది, బండకేసి బాది, చేతులు పడిపోయి తిట్టుకుంది స్తుతి. రోజూ వేసుకునేవి ముదురు రంగువి, మరక తెలియదు; చాన్నాళ్లకి ఉతుకుడుకొచ్చిన ఈ తెల్లది ఇవాళ సబ్బు పెట్టకముందే తెల్లగా ఉంది. బక్కెట్లో ముంచగానే ఆమెకు ఒళ్లు జలదరించింది.

జలదరించదూ మరి! నిన్ననే గుంటూరులో పిల్లల డాక్టరమ్మ మూడేళ్ల క్రిస్టీనా బరువు చూసి, దగ్గు విని, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అని అడిగింది. మా అత్తగారికి ఉంది, మందులు వాడుతున్నారు అంది స్తుతి. సరిగ్గా వాడుతున్నారా? నేనే దగ్గరుండి ఇస్తానండీ. ఎంత ధీమాగా చెప్పిందో! డాక్టరమ్మ తలూపి, ఎందుకైనా మంచిదని పరీక్షలకు పంపింది. ఫలితం ఇంకా రాలేదు.

“మాత్రలు మింగడం లేదు కదూ?” ఈసారి స్తుతి గొంతు తగ్గించి అడిగింది.

బయట ట్రాలీ ఆటో అద్దం తుడుచుకుంటున్న బెన్నీ గుడ్డ చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. తల్లి వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. చూడ్డం తప్ప ఇంకేం చేయడు ఈ అబ్బాయి, అదే వచ్చిన చిక్కు.

దేవకుమారి కేరేజీ కింద పెట్టింది.

“పొన్నూరు ప్రార్థన కూటాలకి ముందు వారం నుంచి మింగట్లా, నెల దాటింది” అంది.

దానయ్య మంచం మీది నుంచి లేచాడు. “అదేంది? డాక్టరే ఆపమన్నాడని చెప్పావుగదే నాతో!”

“చెప్పా.”

“అబద్ధమాడావా?”

“అక్కడ ఆడకూడదని ఇక్కడ ఆడా” అంది దేవకుమారి. “కూటాల్లో నా పేరు ఇచ్చొచ్చింది ఎవరు? నువ్వు. మా ఆవిడ స్వస్థపడింది, సాక్ష్యం చెబుద్దని పాస్టరు గారికి మాటిచ్చింది ఎవరు? నువ్వు. పొద్దున్నే గుప్పెడు మాత్రలు మింగొచ్చి, నా జబ్బు పోయిందని అంతమంది ముందు ఎట్టా నిలబడను? అబద్ధ సాక్ష్యం గాదా అది? అందుకని ఆపేశా. ఆపినా దగ్గు రాలా, జ్వరం రాలా. సాక్ష్యం నిజమైంది.”

స్తుతికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. గుంటూరులో ఆమె చేసే ఉద్యోగమే ఇది కదా! టీబీ మందులు మధ్యలో ఎవరు మానేస్తారో ముందుగా పసిగట్టే లెక్క ఒకటి తయారుచేస్తున్నారు అక్కడ. ఆసుపత్రి ఎంత దూరం, తాగుడుందా, పనుల కోసం వలస పోతారా, మాత్రలు పడక వాంతులవుతున్నాయా, ఇంట్లో దగ్గరుండి మింగించే మనిషి ఉన్నారా అని కనిగిరి నుంచి పొన్నూరు దాకా రోగుల్ని అడిగి, ఆ జవాబులన్నీ కంప్యూటర్లో పోసి, ఏ కారణానికి ఎంత బలముందో తేల్చడం ఆమె పని. ఒకరోజు సరదాకి అత్తగారి వివరాలు కూడా వేసి చూసింది. ఈవిడ మానేసే మనిషి కాదు అని తేల్చింది కంప్యూటరు. ఆ ముక్క ఇంటికొచ్చి అత్తగారికి చెప్పి మురిసిపోయింది కూడా.

నిజం చెప్పడం కోసం మందు మానేసేవాళ్లు ఉంటారని ఆ లెక్కలో ఎక్కడా లేదు. ఎవరూ అడగలేదు మరి.

“రోజూ మీ చేతిలో పెట్టేది నేనే కదత్తయ్యా?”

“ప్రార్థన చేసుకుని మింగుతానని లోపలికి పోయేదాన్ని గదా. ప్రార్థనలో ఉన్న మనిషి దగ్గరికి నువ్వు రావు. దొడ్లో బూడిద గుంటలో వేసేదాన్ని.”

దగ్గరుండి మింగించే మనిషి ఉన్నారా అన్న ప్రశ్నకి ‘ఉన్నారు’ అని కొట్టింది స్తుతే. ఆ మనిషి తనే.

ఈలోగా దానయ్య తేరుకున్నాడు. సంఘ పెద్ద ఆయన. ఆదివారం చందా సంచి పట్టుకుని వరసల మధ్య ఎలా నడుస్తాడో ఇంట్లోనూ అలాగే నడుస్తాడు. రెండడుగులు అటు వేసి, రెండడుగులు ఇటు వేసి, “సరే, ఆపింది. ఏమైందిప్పుడు? మనిషి రాయిలాగా ఉంది. పనికి పోతోంది. దేవుడు బాగు చేశాక మాత్రలెందుకు?” అన్నాడు.

సరిగ్గా అప్పుడే దేవకుమారికి దగ్గు వచ్చింది. పెద్దదేం కాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడ వైపు తిరిగి, రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

వీధిలో పాలవాడి బండి హారను వినపడింది.

“ఘాటు” అంది దేవకుమారి.

మిరప పండే ఊళ్లలో దగ్గుకి ఇంకో పేరు లేదు. ఎవరు దగ్గినా ఘాటే. కిందటి వేసవంతా దేవకుమారి ఆ మాటే చెప్పింది. అందరూ నమ్మారు. బరువు సగానికి సగం పడిపోయి, జాకెట్లు వదులై, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాలిపోతుంటే గాని ఆసుపత్రి ముఖం చూడలేదు.

“వారం నుంచి పాప కూడా అట్లాగే దగ్గుతోంది” అంది స్తుతి. “దానికీ ఘాటేనా? మూడేళ్ల పిల్ల ఏ కల్లంలో పనికి పోయింది? మీకు జబ్బని తెలియగానే దాన్ని చీరాలలో మా అమ్మ దగ్గర ఉంచాను. మందులు పనిచేస్తున్నాయి గదా, ఇంక భయం లేదు గదా అని క్రిస్మస్‌కి తీసుకొచ్చి మీ పక్కన పడుకోబెట్టాను. మిమ్మల్ని నమ్మి అత్తయ్యా!”

దేవకుమారి ముఖం నల్లబడింది. గోడకి చెయ్యి ఆనించుకుంది.

“ఒట్టి జలుబేమో” అన్నాడు దానయ్య.

“కావచ్చు. కావాలనే మొక్కుకుంటున్నా. కాని ఆవిడ సంగతి? పత్తిలో పురుగుకి మందు సగం కొట్టి వదిలేస్తే ఏమవుద్దో మీకు తెలియదా మామయ్యా? మిగిలిన పురుగు మొండిదవుద్ది. తర్వాత ఎంత కొట్టినా చావదు. ఒంట్లో కూడా అంతే. ఇప్పుడు ఆ మాత్రలే మళ్లీ మొదలుపెడితే సరిపోదు. కళ్లె పరీక్ష చేయించి, ఏ మందుకి లొంగుతుందో చూడాలి. ఇవాళే పోవాలి. కల్లంలో పక్కన కూర్చునే వాళ్లకీ చెప్పాలి, వాళ్లూ పరీక్ష చేయించుకోవాలి.”

“కల్లంలో చెబుతావా!” దానయ్య గొంతు చిట్లింది. “నీకేమైనా మతుండే మాట్లాడుతున్నావా? దేవకుమారి సాక్ష్యం విని ఎక్కడెక్కడి నుంచో ప్రార్థనకి వస్తున్నారు జనం. వాళ్లకేం చెప్పను? మా ఆవిడకి తగ్గలేదు, మళ్లీ మాత్రలు మింగుతోందని చెప్పనా? దేవుడి పరువు తియ్యనా?”

“దేవుడి పరువా, మీ పరువా? జక్రయ్య పాస్టరు గారు రోజూ షుగరు మాత్ర వేసుకోవట్లా?”

“షుగరు వేరు!”

“ఎట్టా వేరు?”

“షుగరు తగ్గిందని ఆయన సాక్ష్యం చెప్పలా!”

నోట్లోంచి ఆ మాట వచ్చాక దానయ్యకే అదోలా అనిపించింది. కండువా తీసి దులిపి మళ్లీ భుజం మీద వేసుకున్నాడు. బెన్నీకి నవ్వొచ్చి ఆపుకున్నాడు. అది చూసి స్తుతికి ఒళ్లు మండింది.

“నవ్వుతున్నారా? మీ అమ్మకి మీరైనా చెప్పరేం?”

“ఏం చెప్పమంటావు స్తుతీ?” అన్నాడు బెన్నీ నేల చూస్తూ.

“ఎవరూ చెప్పక్కర్లా.” దేవకుమారి గోడ దగ్గర్నుంచి ముందుకు వచ్చింది. ఆమె గొంతులో కోపం ఉంది. “మాత్రలు మాత్రలు అంటావు గదమ్మాయ్. జబ్బని తెలిసిన రోజు నా కంచం, నా గ్లాసు విడిగా పెట్టింది ఎవరు?”

స్తుతి చేతిలోని జాకెట్టుని ఊరికే పిండింది.

“కంచం వల్ల అంటదని ఊరూరా తిరిగి చెప్పేదానివి నువ్వే. ఇంట్లో కంచం విడిగా పెట్టిందీ నువ్వే. నేనొక్క మాటన్నానా?”

“పాప ఉంది గదాని భయపడ్డాను అత్తయ్యా.”

“నువ్వు భయపడ్డావు. చదువుకున్నదానివి. మరి కల్లంలో వాళ్లేం చేశారో తెలుసా? మధ్యాన్నం అందరి అన్నాలూ ఒకచోట పోసి, పచ్చడేసి కలిపి, ముద్దలు పెట్టే చెయ్యి నాది. పెళ్లై వచ్చినకాడ్నించి అంతే. జబ్బని తెలిశాక ఒక్కత్తీ నా ముద్ద తినలా. చేనుగల హనుమాయమ్మ గారు నన్ను తీసుకుపోయి దూరంగా కంచె పక్కన కూర్చోబెట్టింది. ఒక్కదాన్నే కాయలు ఏరుకున్నా, ఒక్కదాన్నే తిన్నా. నీ మాత్రలు మింగినన్నాళ్లూ అట్టాగే. సాక్ష్యం చెప్పి వచ్చిన మర్నాడు ఆవిడే వచ్చి, లేచి రావే దేవకుమారీ, అందరితో కూర్చో అంది. ఆ రోజు అందరూ నా ముద్ద తిన్నారు. ఏది మందో నువ్వే చెప్పు!”

ఆమె కళ్ల నుంచి నీళ్లు జారాయి. వేసుకున్న జాకెట్టు మీద పడ్డాయి. తెల్లటి నీళ్లు, రంగేం లేవు. స్తుతి అదే చూసింది. పొన్నూరు కూటాల్లో మైకు ముందు నిలబడి ఏడ్చినప్పుడు కూడా ఇలాగే ఏడ్చింది అత్తగారు. పక్కనే ఉండి, తన తెల్ల చేతిరుమాలుతో తనే తుడిచింది. ఆ రోజు రుమాలుకి మరకెందుకు పడలేదని ఒక్కసారైనా తట్టలేదే!

“కల్లానికి వచ్చి నోరు తెరిచావంటే,” అంది దేవకుమారి కేరేజీ అందుకుని, “నీకూ నాకూ ఇంక మాటల్లేవు.”

“నాయనమ్మా!” అంటూ లోపల్నుంచి క్రిస్టీనా పరుగెత్తుకొచ్చింది. ఎత్తుకోమని రెండు చేతులూ చాచింది.

దేవకుమారి వంగింది. సగం వంగి ఆగిపోయింది. పిల్ల వైపు సాగిన చెయ్యి వెనక్కి లాక్కుని, కొంగు ముక్కుకి అడ్డం చుట్టుకుని గబగబా వీధిలోకి వెళ్లిపోయింది. క్రిస్టీనా ఏడుపు లంకించుకుంది. దానయ్య మనవరాలిని ఎత్తుకున్నాడు, కాని ఏం చెప్పి ఊరుకోబెట్టాలో ఆయనకు తోచలేదు.

ఆమెకు తెలుసు, అనుకుంది స్తుతి. అది ఘాటు కాదని ఆమెకు తెలుసు.

* * *

స్తుతి ఆఫీసుకు వెళ్లకుండా మధ్యాహ్నం దాకా చూసింది. “కల్లానికి తీసుకెళ్తారా, నడిచి పొమ్మంటారా?” అని అడిగింది భర్తని. బెన్నీ ట్రాలీ స్టార్టు చేశాడు. కల్లం కనపడ్డాక అతను ఆటో దూరంగానే ఆపేశాడు.

“అమ్మని అందరి ముందు నిలబెట్టొద్దు స్తుతీ” అన్నాడు. “తను ఇంక బతకదు.”

“ఊరుకుంటే బతుకుద్దా?”

బెన్నీ దిగలేదు.

ఎండకి కల్లం నిప్పు పోసినట్టుంది. ఎటు చూసినా ఎర్రటి కాయలే. పట్టా గుడ్డల నీడన ఆడవాళ్లు వరసగా కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరి పక్కన పడేస్తున్నారు. కల్లంలో అడుగు పెట్టగానే స్తుతికి ముక్కులో మంట పుట్టి తుమ్ములొచ్చాయి.

“ఏమ్మా స్తుతీ, ఇట్టా వచ్చావు? ఆఫీసు లేదా ఇవాళ?” కాటా దగ్గర కుర్చీలో కూర్చున్న హనుమాయమ్మ పలకరించింది. చేను ఆమెది, కల్లం ఆమెది. పిలవకుండా ఎవరొచ్చినా కారణం చెప్పాలి.

స్తుతి నోరు తెరిచేలోగా, “నేనే రమ్మన్నానండీ, అన్నానికి” అని కేకేసింది దేవకుమారి.

పొద్దుట్నించి ఇది ఆమె ఆడిన రెండో అబద్ధం. ఘాటు అన్నది మొదటిది.

ఆడవాళ్లంతా పని ఆపి చుట్టూ చేరారు. మధ్యలో పెద్ద బేసిను, అందరి కేరేజీల్లో అన్నమూ అందులోనే. దేవకుమారి మోచేతి దాకా కడుక్కుని పచ్చడి కలుపుతోంది. కలపడంలో ఆమె చెయ్యి చూడాలి! ఒక్క మెతుకు నలగదు, ఒక్క మెతుకు తెల్లగా మిగలదు.

“రా కూర్చో” అంది కోడలితో. నోరు ఆ మాటంటోంది గాని కళ్లు మాత్రం దణ్ణం పెడుతున్నాయి. చెప్పొద్దే తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటా అని.

స్తుతి కూర్చుంది.

“చదువుకున్న కోడలు మా కల్లం ముద్ద తింటదా అత్తా?” అంది ఖుర్షిదా నవ్వుతూ. పక్కవాళ్లూ నవ్వారు.

దేవకుమారి మొదటి ముద్ద చేసింది. చెయ్యి చాచి స్తుతి ముందు పెట్టింది. తింటావా? కంచం విడిగా పెట్టినదానివి, తింటావా? అడగకుండానే అడిగింది.

స్తుతి ఆ ముద్ద అందుకుని నోట్లో పెట్టుకుంది. ముద్ద వల్ల రాదు, దగ్గు వల్ల వస్తుంది. ఈ మాట ఎన్ని ఊళ్లలో చెప్పిందో! అయినా ఈ పని ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదో ఆమెకే తెలియలేదు. పచ్చడి కారానికి కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. ఆ నీళ్లలో కారం పాలెంతో, దుఃఖం పాలెంతో!

“ఇంకొకటి పెట్టండి అత్తయ్యా” అంది.

దేవకుమారి రెండో ముద్ద పెడుతూ కోడలి చెవి దగ్గరికి వంగి, “తిన్నావుగా. ఇంక పో తల్లీ” అంది మెల్లగా.

“పోతా. మీరూ రండి. బయట బెన్నీ ఉన్నాడు, ఆసుపత్రికి పోదాం. వచ్చాక వీళ్లకి మీరే చెప్పండి, నేను నోరెత్తను.”

“చెబితే ఈ చేతులేవీ నా ముందుకి రావు.”

“నేనున్నాను గదా. రోజూ వచ్చి తింటా.”

దేవకుమారి కోడలి ముఖంలోకి చూసింది. ఆ చూపులో పొద్దున్నటి కోపం లేదు. ఏదో అనబోయింది.

సరిగ్గా అప్పుడు వరస చివర కూర్చున్న కోటిరత్నానికి దగ్గు వచ్చింది. చిన్నగా మొదలై, తెగకుండా సాగింది. మనిషి ముందుకు వంగిపోయి, గుండె చేత్తో పట్టుకుని, దగ్గి దగ్గి ఆగింది. ఆమె మెడ ఎముకలు పైకి తేలి ఉన్నాయి. జాకెట్టు చేతులు వదులుగా వేలాడుతున్నాయి.

నవ్వులు ఆగలేదు. ఎవరూ అటు తిరిగి చూడలేదు. మిరప కల్లంలో దగ్గితే ఎవరు చూస్తారు? దేవకుమారి ఒక్కతే చూసింది.

“ఏమే కోటిరత్నం,” అంది, “ఎన్నాళ్ల నుంచే ఆ దగ్గు?”

“ఘాటు వదినా!” కోటిరత్నం కొంగుతో మూతి తుడుచుకుంది.

“సాయంత్రం ఒళ్లు వెచ్చబడుతోందా?”

“ఆ, కొంచెం. ఆశా వర్కరమ్మాయి వచ్చి ఆసుపత్రికి పోయి కళ్లె ఇచ్చి రమ్మంటది రోజూ, ఒకటే సతాయింపు. నేను పోలా. నేనెందుకు పోతా?” కోటిరత్నం ముఖం నిండా నవ్వింది. “పొన్నూరులో నీ సాక్ష్యం విన్నా గదా! ఆ రోజు నుంచి నీ మాదిరే ప్రార్థన చేసుకుంటున్నా. నీకు తగ్గింది, నాకు తగ్గదా? ఏదీ, నీ చేత్తో ఒక ముద్ద పెట్టు వదినా.”

ముద్ద పట్టుకున్న దేవకుమారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. స్తుతి ఒక్క మాట కూడా అనలేదు.

కోటిరత్నం నవ్వుతూ చెయ్యి చాచి అలాగే కూర్చుంది.